హోమ్ థియేటర్‌లో ముందు మార్చాల్సింది ఏ స్పీకర్?

సౌండ్ సిస్టమ్‌ను మెరుగుపరచాలనుకునే వాళ్లలో చాలామంది చూపు ముందుగా పడేది టీవీకి అటూ ఇటూ నిలబడే టవర్ల మీద. కంటికి కనబడేవి అవే, గదికి దర్జా తెచ్చేవీ అవే. సినిమా సౌండ్‌లో మాత్రం వాటి వాటా అనుకున్నంత ఉండదు. మాటలు దాదాపు అన్నీ సెంటర్ స్పీకర్‌లోంచి వస్తాయి. కూర్చున్న సోఫా అదిరిందంటే అది సబ్‌వూఫర్ పని. సంగీతం, వాతావరణ శబ్దాలు, అటునుంచి ఇటు దూసుకుపోయే బండ్లు లాంటివి మిగతా స్పీకర్లు పంచుకుంటాయి.

అందుకే ఏ మోడల్ మంచిదన్న ప్రశ్న కాసేపు పక్కన పెట్టి, ఇప్పుడున్న సెట్‌లో నచ్చనిదేమిటో ఒక్క వాక్యంలో చెప్పుకోండి. "మాటలు అర్థం కావు." "బేస్ బుస్సుమంటుంది గానీ దెబ్బ తగలదు." "సౌండ్ పెంచితే గీరుకుపోతోంది." ఈ మూడూ మూడు వేర్వేరు స్పీకర్ల మీద ఫిర్యాదులు. అది ఏ ఛానెల్‌దో (ఏ స్పీకర్‌కు వెళ్లే సౌండ్‌దో) తేల్చకుండా కొంటే కొత్త పెట్టెలోంచి పాత రోగమే వినబడుతుంది.

ఒక్కొక్కటిగా మార్చే వీలుందా?

రిసీవర్ (స్పీకర్లన్నిటికీ సౌండ్ పంచి, పవర్ ఇచ్చే పెట్టె), స్పీకర్లు అన్నీ ఒకే అట్టపెట్టెలో వచ్చిన సెట్ అయితే ముందు దాని వెనక్కి తిప్పి చూడండి. వైర్లు మామూలుగా బిగించే టెర్మినళ్లు కాకుండా ప్రత్యేకమైన ప్లగ్గులుంటే, స్పీకర్ల మీద 3 ఓమ్‌లని రాసి ఉంటే, సబ్‌వూఫర్‌కు కరెంటు ప్లగ్గే లేకుండా ప్రధాన యూనిట్ నుంచి స్పీకర్ వైరు మాత్రమే వెళ్తుంటే, అందులో ఒక్క స్పీకర్ మార్చి లాభం లేదు. దాని ఆంప్లిఫయర్‌ను ఆ స్పీకర్ల కోసమే తయారుచేశారు. సొంత ఆంప్ ఉన్న సబ్‌వూఫర్‌కు సౌండ్ పంపే సాకెట్ (లైన్ అవుట్) కూడా ఉండదు. సౌండ్‌బార్ల సంగతీ ఇంతే, అదే కంపెనీ అదే వరుసలో ఇచ్చే వెనక స్పీకర్లు తప్ప మరేవీ వాటితో కలవవు. ఇలాంటి చోట మొదటి ఖర్చు రిసీవర్ మీద, రెండోది ముందరి రెండు స్పీకర్ల మీద. సెంటర్, సబ్, సరౌండ్ (పక్కన, వెనక ఉండే స్పీకర్లు) తర్వాత ఒక్కొక్కటిగా చేర్చుకోవచ్చు. ఇకపై చెప్పేదంతా విడి రిసీవర్ ఉన్న సెట్ల గురించి.

కొనేముందు గంటసేపు పరీక్ష

మొదట, రిసీవర్ ముందు తెర మీద ఏ ఫార్మాట్ వస్తోందో చదవండి. టీవీలోని యాప్ నుంచి ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ను రిసీవర్‌కు తెచ్చే హెచ్‌డీఎంఐ దారి) ద్వారా సౌండ్ తీసుకుంటూ, టీవీ ఆడియో సెట్టింగ్‌ను పీసీఎంలో వదిలేస్తే రిసీవర్‌కు చేరేది రెండు ఛానెళ్లే. అప్పుడు సెంటర్, సరౌండ్‌లలో వినబడేది రిసీవర్ ఊహించి పంచిన సౌండ్. దాన్ని బిట్‌స్ట్రీమ్‌కో, పాస్‌త్రూకో మార్చగానే సెట్ మొత్తం కొత్తదానిలా వినిపించిన ఇళ్లు చాలా ఉన్నాయి.

రెండోది సెంటర్ పరీక్ష. మాటలు సరిగా అర్థంకాని సీన్ ఒకటి ఎంచుకుని రెండు నిమిషాలు వినండి. ఇప్పుడు రిసీవర్ స్పీకర్ సెటప్‌లో సెంటర్ లేదని పెట్టండి (వైరు పీకేస్తే సరిపోదు, మాటలే మాయమవుతాయి). రిసీవర్ ఆ మాటలను ఎడమ కుడి స్పీకర్లకు సమానంగా పంచుతుంది. సరిగ్గా మధ్యన కూర్చుని అదే సీన్ మళ్లీ వినండి. మాటలు విప్పారినట్టుంటే తప్పు సెంటర్ స్పీకర్‌దో, దాన్ని పెట్టిన చోటుదో. తేడా లేకపోతే తప్పు గదిదో, ఆ సినిమా మిక్సింగ్‌దో. కొత్త సెంటర్ కొనడం దండగ.

మూడోది బేస్ పరీక్ష. ఫోన్‌ను రిసీవర్‌కు కలిపి, టోన్ జనరేటర్ యాప్‌తో 30, 40, 50, 60 హెర్ట్జ్ శబ్దాలను ఒకటొకటిగా, మధ్యస్థంగా వినిపిస్తూ గదంతా నడవండి. ఒకచోట గోడలు అదురుతాయి, రెండడుగులు వేస్తే ఏమీ ఉండదు. మీ సీటు ఆ "ఏమీ లేని" చోట పడిందా? పడితే సబ్‌వూఫర్ చిన్నదని నింద వేయకండి. వాల్యూమ్ మాత్రం అదుపులో ఉంచండి. 30 హెర్ట్జ్ టోన్‌ను గట్టిగా మోగిస్తే చిన్న సబ్ కోన్ (ముందుకూ వెనక్కూ ఊగే పొర) హద్దు దాటి టపటపా కొట్టుకుంటుంది.

నాలుగోది తీగల ధ్రువాలు. ఎడమ, కుడి స్పీకర్లలో ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారైతే గొంతు మధ్యన నిలవకుండా తల చుట్టూ చెదిరినట్టుంటుంది, బేస్ పలచబడుతుంది. ఒక చోట రెండు వైర్లు అటూ ఇటూ మార్చగానే సౌండ్ గట్టిపడితే పరీక్షలు అక్కడితో ఆపి, ఓ వారం అలాగే విని చూడండి.

సెంటర్: మాటలు అర్థం కానప్పుడు

సెంటర్‌ను మార్చే ముందు దాన్ని కదిపి చూడాలి. టీవీ స్టాండ్ అరలో లోపలికి నెట్టి ఉంటే ముందంచు అర అంచుతో సమానంగా వచ్చేదాకా బయటికి లాగండి. అరలో చుట్టూ ఖాళీ ఉంటే ఆ గూడు డప్పులా మోగి, మగ గొంతులు బొంగురుగా వస్తాయి. స్పీకర్ మోకాళ్ల ఎత్తులో ఉంటే ముందువైపు కింద రబ్బరు ముక్కలు పెట్టి, ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న గుండ్రటి భాగం) మీ చెవుల వైపు చూసేట్టు వంచండి. ట్వీటర్ పక్కన నిలబడి చూస్తే మీ సీటు సూటిగా కనబడాలి. తర్వాత రిసీవర్‌లో సెంటర్ లెవెల్‌ను 2 డెసిబెల్ పెంచండి. రాత్రిపూట తక్కువ సౌండ్‌తో చూసేవాళ్లు డైనమిక్ రేంజ్ కంప్రెషన్‌ను (చాలా రిసీవర్లలో నైట్ మోడ్) ఆన్ చేస్తే గుసగుసలకూ పేలుళ్లకూ మధ్య దూరం తగ్గుతుంది. వీటన్నిటికీ పైసా ఖర్చు లేదు.

ఇవి చేసినా తీరకపోతే సెంటర్ నిర్మాణం మీద అనుమానపడాలి. ఎక్కువగా అమ్ముడయ్యే అడ్డపు సెంటర్లలో మధ్యన ట్వీటర్, దానికి రెండు పక్కలా ఒకే శబ్దం పలికే రెండు వూఫర్లు (కింది, మధ్య స్వరాలు పలికే పెద్ద భాగాలు) ఉంటాయి. ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఇబ్బంది లేదు, రెండు వూఫర్ల శబ్దమూ ఒకేసారి చేరుతుంది. పక్కకు కూర్చున్నవాళ్లకు ఒకటి దగ్గర, ఒకటి దూరం. లెక్క వేసి చూడండి: వూఫర్ల మధ్య 30 సెంటీమీటర్లు, స్పీకర్‌కు సోఫా 3 మీటర్ల దూరం, మీరు మధ్య నుంచి 1.2 మీటర్లు పక్కకు కూర్చున్నారు. రెండు వూఫర్ల నుంచి మీ చెవికి దూరంలో తేడా సుమారు 11 సెంటీమీటర్లు. ఇది 1,500 హెర్ట్జ్ ప్రాంతపు శబ్దానికి సగం తరంగదైర్ఘ్యం. అంటే అక్కడ ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగుతుంది, రెండూ కలిసి చప్పబడతాయి. హల్లులను విడదీసి వినిపించే ప్రాంతం కూడా సరిగ్గా ఆ చుట్టుపక్కలే. కాబట్టి సోఫా చివర కూర్చునే వాళ్లే "ఏమన్నాడు?" అని అడుగుతుంటే అది వాళ్ల చెవుల తప్పు కాదు.

దీనికి విరుగుడు రెండు రకాలు. ఒకటి త్రీ-వే సెంటర్. ఇందులో మధ్య స్వరాలు పలికే చిన్న మిడ్‌రేంజ్ డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం), దాని నెత్తిన ట్వీటర్ నిలువుగా ఉంటాయి. పక్కల ఉన్న వూఫర్లు కింది స్వరాలే పలుకుతాయి కాబట్టి మాటల ప్రాంతంలో వాటికి పనిలేదు. రెండోది ఇంకా సులువు: ఎడమ, కుడి వైపున్న అదే బుక్‌షెల్ఫ్ స్పీకర్ (స్టాండ్ మీద పెట్టే చిన్న స్పీకర్) మూడోది ఒకటి తెచ్చి మధ్యన నిలువుగానే పెట్టడం. ప్రొజెక్టర్ తెర ఉన్నచోట, టీవీని గోడకు ఎత్తుగా బిగించినచోట దీనికి జాగా దొరుకుతుంది. దొరికితే మరో ఆలోచన అక్కర్లేదు, మూడు ఒకేలాంటి స్పీకర్లను మించిన ముందు వరుస లేదు. బుక్‌షెల్ఫ్‌ను పడుకోబెట్టి సెంటర్‌గా వాడితే మాత్రం పై కథే మొదలవుతుంది. అప్పుడు వూఫర్‌కూ ట్వీటర్‌కూ మధ్య పక్కకు దూరం ఏర్పడి, క్రాసోవర్ (స్వరాలు ఒక డ్రైవర్ నుంచి ఇంకోదానికి చేతులు మారే హద్దు) దగ్గర అదే గుంట పడుతుంది.

ఒక్క సెంటర్‌నే మారుస్తుంటే మీ ఎడమ, కుడి స్పీకర్ల కంపెనీలో అదే సిరీస్‌ది వెతకండి. ఖరీదైన వేరే కంపెనీ సెంటర్ విడిగా వింటే గొప్పగా ఉండవచ్చు. కానీ తెరమీద మనిషి ఎడమ నుంచి కుడికి మాట్లాడుతూ నడిస్తే మధ్యలో అతని గొంతు రంగు మారుతుంది, ఒక్కసారి ఆ తేడా పట్టుకున్న చెవి ఇక వదలదు. ఆ సిరీస్ ఆగిపోయి సెంటర్ ఎక్కడా దొరక్కపోతే ముందు మూడూ కలిపి మార్చేంతవరకు డబ్బు కూడబెట్టుకోవడమే మంచిది. ఇంట్లో సినిమా చూసేది ఒక్కరే, కూర్చునేదీ సరిగ్గా మధ్యనే అయితే మంచి ఎడమ కుడి జత చాలు, సెంటర్ లేకుండానే గడిచిపోతుంది.

సబ్‌వూఫర్: చాలా ఇళ్లలో మొదటి ఖర్చు ఇదే కావాలి

సినిమా సౌండ్‌లో లోతైన శబ్దాలకు ఎల్‌ఎఫ్‌ఈ అనే ప్రత్యేక ఛానెల్ ఉంది. రిఫరెన్స్ స్థాయిలో (సినిమాలకు ప్రామాణికంగా పెట్టుకున్న గట్టితనంలో) మామూలు ఛానెల్ గరిష్ఠంగా 105 డెసిబెల్‌కు వెళ్తే, ఎల్‌ఎఫ్‌ఈ 115 దాకా వెళ్తుంది. పైగా రిసీవర్‌లో క్రాసోవర్ (స్పీకర్ల నుంచి సబ్‌కు బేస్ మళ్లే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుంటే మిగతా స్పీకర్లన్నింటి కింది బేస్ కూడా సబ్ నెత్తినే పడుతుంది. సెట్‌లో అన్నిటికన్నా ఎక్కువ గొడ్డుచాకిరీ చేసేది ఇదే, చాలా సెట్లలో అన్నిటికన్నా చౌకగా కొన్నదీ ఇదే.

శబ్దం ఒక ఆక్టేవ్ కిందికి దిగి (అంటే హెర్ట్జ్ సగమై) అదే గట్టితనంతో వినిపించాలంటే కోన్ కదిలించే గాలి నాలుగింతలు కావాలి. 40 హెర్ట్జ్ సునాయాసంగా పలికే 8 అంగుళాల సబ్ 20 దగ్గర చేతులెత్తేసేది ఇందుకే. 8 అంగుళాల నుంచి 12కు వెళ్తే కోన్ వైశాల్యం రెండు రెట్లు దాటుతుంది. చేతిలో ఉన్నది 6 లేదా 8 అంగుళాల సబ్ అయితే దాన్ని మార్చినంత తేడా మరే స్పీకర్ మార్చినా రాదు.

సీల్డ్ (పూర్తిగా మూసిన పెట్టె) కావాలా, పోర్టెడ్ (గాలి రంధ్రం ఉన్న పెట్టె) కావాలా? ఒకే డ్రైవర్, ఒకే ఆంప్ అనుకుంటే పోర్టెడ్ పెట్టె తన ట్యూనింగ్ ప్రాంతంలో (ఆ రంధ్రం ఊతమిచ్చే స్వరాల దగ్గర), అంటే చాలావాటిలో 18 నుంచి 30 హెర్ట్జ్ మధ్య, గట్టిగా పలుకుతుంది. ట్యూనింగ్ కిందికి దిగితే ఆక్టేవ్‌కు 24 డెసిబెల్ చొప్పున కూలిపోతుంది. సీల్డ్‌ది 12 చొప్పున మెల్లగా దిగుతుంది, పెట్టె చిన్నది, చిన్న గదిలో గోడలు ఆ కింది స్వరాలకు కొంత ఊతమిస్తాయి. పెద్ద హాలు, వంటింటికి తలుపులేని గది అయితే పోర్టెడ్. తలుపు మూసే చిన్న గది, జాగా ఇరుకు అయితే సీల్డ్. "పోర్టెడ్ సినిమాకు, సీల్డ్ సంగీతానికి" అనే మాట విని నిర్ణయించకండి. పెట్టెల కన్నా గది చేసే పాడు ఎక్కువ.

ఆ పాడు ఏమిటో చూద్దాం. 5 మీటర్ల పొడవున్న గదిలో సుమారు 34 హెర్ట్జ్ శబ్దం ఎదురెదురు గోడల మధ్య నిలిచిపోయి ఊగుతుంది. గోడల దగ్గర అది హోరు, సరిగ్గా మధ్యన, 2.5 మీటర్ల దగ్గర, శూన్యం. 68 హెర్ట్జ్‌కు శూన్యాలు 1.25, 3.75 మీటర్ల దగ్గర. సోఫా గది నట్టనడుమ ఉంటే 34 మాయం. సోఫా వెనక గోడకు ఆనించి ఉంటే అన్నీ పోగై బుస్సుమంటాయి. శూన్యంలో కూర్చుని ఈక్వలైజర్‌లో ఆ స్వరాన్ని పెంచితే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. 6 డెసిబెల్ పెంచాలంటే ఆంప్ నాలుగు రెట్ల పవర్ పోయాలి, మీ చెవికి మాత్రం ఏమీ చేరదు. హోరును ఈక్వలైజర్ దించగలదు, శూన్యాన్ని పూడ్చలేదు. అక్కడ కదపాల్సింది సీటునో, సబ్‌నో.

సబ్‌కు చోటు వెతికే పాత పద్ధతి ఇప్పటికీ అన్నిటికన్నా నమ్మకమైనది. సబ్‌ను మీరు కూర్చునే సీటులోనే పెట్టి, బేస్ స్వరాలు ఒక్కొక్కటిగా మెట్లు దిగినట్టు నడిచే పాట ఏదైనా మోగించండి. గోడల వెంట, సబ్ పెట్టడానికి వీలున్న ప్రతిచోటా నేలకు దగ్గరగా వంగి వినండి. అన్ని స్వరాలూ సమానంగా వినిపించిన చోటే సబ్‌కు సరైన చోటు. గట్టిగా వినిపించిన చోటును ఎంచుకుంటే మోసపోతారు, అది ఒక్క స్వరం హోరు కావచ్చు.

ఇక అసలు ఎంపిక: ఒక పెద్ద సబ్‌వూఫరా, రెండు ఓ మోస్తరువా? సోఫాలో ఒకరికన్నా ఎక్కువమంది కూర్చునే ఇంట్లో రెండే. హార్మన్ కంపెనీలో టాడ్ వెల్టీ చేసిన పరిశోధన (2002లో బయటికొచ్చింది) దీర్ఘచతురస్రపు గదుల్లో ఎదురెదురు గోడల మధ్యబిందువుల దగ్గర రెండు సబ్‌లు పెడితే సీటుకూ సీటుకూ తేడా బాగా తగ్గుతుందని చూపింది. నాలుగు గోడల మధ్యన నాలుగు పెడితే ఇంకా మేలు. అంతకు మించి ఎన్ని పెట్టినా ఒరిగేది కొంచెమే. రెండు సబ్‌లు ఒకే మోడల్ కావాలి. పోర్టెడ్‌ది ఒకటి, సీల్డ్‌ది ఒకటి కలిపితే ట్యూనింగ్ దగ్గర వాటి ఫేజ్ (తోసే, లాగే వేళ) వేర్వేరు కాబట్టి ఒకటి కట్టింది ఇంకొకటి కూలుస్తుంది. ఇప్పుడున్న సబ్ నాణ్యమైనదే అయితే దాన్ని అమ్మి పెద్దది కొనే బదులు అలాంటిదే రెండోది వెతకడం తెలివైన పని. ఒక్కరే చూసే గదైతే, ఉన్న డబ్బంతా ఒక్క మంచి సబ్ మీద పెట్టి చోటు సరిగా వెతుక్కోవచ్చు.

కొనేటప్పుడు పెట్టె మీద రాసిన వాట్లు నేతిబీరకాయలో నెయ్యి లాంటివి. "పీక్" అని ఉంటే అసలు లెక్కలోకే తీసుకోకండి. చూడాల్సింది ఏ స్వరం దగ్గర ఎంత గట్టిగా పలుకుతుందో సీటీఏ-2010 అనే ప్రామాణిక పద్ధతిలో కొలిచిన అంకెలు. అవి లేకపోతే కనీసం ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ పక్కన ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్ అని ఉందో లేదో చూడండి. ఆ గుర్తు లేకుండా "20 హెర్ట్జ్ నుంచి" అని రాస్తే ఆ 20 దగ్గర శబ్దం 10 డెసిబెల్ పడిపోయి ఉండవచ్చు.

తెచ్చి తగిలించాక జరిగే పొరపాట్లు దాదాపు ఎప్పుడూ ఇవే. సబ్ వెనక ఉన్న క్రాసోవర్ నాబ్‌ను మధ్యన వదిలేస్తారు. రిసీవర్ ఒకసారి, సబ్ ఒకసారి కోయడంతో 80 దగ్గర గుంట పడుతుంది. నాబ్‌ను చివరిదాకా తిప్పండి, లేదా ఎల్‌ఎఫ్‌ఈ అని రాసిన ఇన్‌పుట్‌లో గుచ్చండి. రిసీవర్‌లో ఎల్‌ఎఫ్‌ఈ లోపాస్‌ను (ఆ ఛానెల్‌ను ఏ స్వరం దాకా పంపాలో చెప్పే సెట్టింగ్) 120 దగ్గరే ఉంచాలి, దాన్ని 80కి దించితే సినిమాలో ఉన్న బేస్‌లో కొంత పారేసినట్టే. ముందరి స్పీకర్లు టవర్లే అయినా "స్మాల్" అనే పెట్టాలి. అది స్పీకర్‌ను కించపరిచే మాట కాదు, కింది స్వరాలు సబ్‌కు పంపమనే ఆజ్ఞ మాత్రమే. చివరగా 80 హెర్ట్జ్ టోన్‌ను ముందరి స్పీకర్లు, సబ్ కలిసి పలికేలా పెట్టి, సీట్లో కూర్చుని రిసీవర్‌లో సబ్ దూరాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ శబ్దం ఎక్కడ గరిష్ఠమవుతుందో చూడండి. టేపుతో కొలిచిన దూరానికి ఒకట్రెండు మీటర్లు తేడా వచ్చినా కంగారు పడొద్దు. సబ్ లోపలి సర్క్యూట్లు కూడా కొంత ఆలస్యం కలుపుతాయి.

చిన్న శాటిలైట్లుంటే ఆ లెక్క వేరు

అరచేతిలో పట్టే ఘనాకారపు స్పీకర్లలో డ్రైవర్ 3 అంగుళాలకు మించదు, 150 హెర్ట్జ్ కిందికి దిగలేదు. క్రాసోవర్‌ను అంత పైన పెడితే మగ గొంతులో కింది భాగం కూడా సబ్‌లోంచే వస్తుంది, 100 దాటాక సబ్ ఎక్కడుందో చెవి ఇట్టే పట్టేస్తుంది. మాట్లాడేది తెరమీద మనిషి, గొంతు గది మూలలోంచి. ఇక్కడ సబ్ ముందు మార్చినా సుఖం లేదు. ముందరి మూడూ 5 లేదా 6 అంగుళాల వూఫర్ ఉన్న స్పీకర్లకు మారితే క్రాసోవర్ 80కి దిగుతుంది, అప్పుడు పాత సబ్ కూడా కాస్త మర్యాదగా ప్రవర్తిస్తుంది.

ఎడమ, కుడి: టవర్లా, బుక్‌షెల్ఫా?

మంచి సబ్ ఉండి క్రాసోవర్ 80 దగ్గర ఉంటే టవర్ ప్రధానంగా ఇచ్చే లోతైన బేస్‌ను మీరు వాడుకోవడమే లేదు. మిగిలే లాభం గట్టిగా పలికే సత్తువ. అది ఎంత అవసరమో లెక్క వేసుకోండి. 87 డెసిబెల్ సెన్సిటివిటీ (ఒక వాట్‌తో మీటరు దూరంలో పలికే గట్టితనం) ఉన్న స్పీకర్ ఒక వాట్‌తో 3 మీటర్ల దూరంలో, మామూలు గదిలో, సుమారు 80 డెసిబెల్ ఇస్తుంది. రిఫరెన్స్‌కు 10 తగ్గించి వినేవాళ్లకు (చాలామందికి అదే గట్టి సౌండ్) పీక్‌లు 95. అంటే 15 డెసిబెల్ పైకి ఎక్కాలి, దానికి 32 వాట్లు చాలు. పూర్తి రిఫరెన్స్‌కు 105 కావాలంటే 316 వాట్లు. అంత ఏ మామూలు రిసీవరూ ఇవ్వదు. అదే 90 డెసిబెల్ స్పీకర్ అయితే రెండు లెక్కలూ సగానికి పడతాయి. సౌండ్ పెంచితే గీరుకుపోతోందనే ఫిర్యాదుకు చాలాసార్లు మందు ఇదే: ఆంప్ మార్చడం కన్నా 3 డెసిబెల్ ఎక్కువ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ చౌక. ఇంపెడెన్స్ (ఓమ్‌లలో రాసే స్పీకర్ నిరోధం) కూడా చూడండి. 4 ఓమ్‌ల స్పీకర్‌కు మీ రిసీవర్ ఒప్పుకుంటుందో లేదో దాని వెనక టెర్మినళ్ల దగ్గరే రాసి ఉంటుంది.

సబ్ ఆపేసి రెండు స్పీకర్లతోనే పాటలు వినే అలవాటున్నవాళ్లకు టవర్ న్యాయమే. మిగతావాళ్లు అదే డబ్బుకు బుక్‌షెల్ఫ్ మూడు తీసుకోవచ్చు, సెంటర్ సమస్య కూడా తీరిపోతుంది. స్టాండ్ల ఖర్చు మరిచిపోకండి. ట్వీటర్ చెవి ఎత్తుకు రాకపోతే మంచి బుక్‌షెల్ఫ్ కూడా మొద్దుబారినట్టు పలుకుతుంది. గోడకు దూరం కూడా ముఖ్యమే. స్పీకర్ ముందు భాగం వెనక గోడకు మీటరు దూరంలో ఉంటే గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం 86 హెర్ట్జ్ దగ్గర అసలు శబ్దాన్ని కొట్టేస్తుంది. బాగా దగ్గరగా జరిపితే ఆ గుంట పై స్వరాలకు జరిగి కాస్త మెత్తబడుతుంది.

సరౌండ్‌లు, పైకప్పు స్పీకర్లు

వీటి దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. సరౌండ్‌లు చివర మార్చాలి. వాటి పని తక్కువ, పైగా కింది బేస్ సబ్‌కే పోతుంది. ముందు మూడింటిని మార్చినప్పుడు పాత ఎడమ, కుడి స్పీకర్లను వెనక్కి పంపితే చాలా ఇళ్లకు సరిపోతుంది. కంపెనీ కలవకపోయినా ఇక్కడ పెద్ద నష్టం లేదు. మార్చడం కన్నా కోణం సరిచేయడం ముఖ్యం: 5.1లో (ఐదు స్పీకర్లు, ఒక సబ్) సరౌండ్‌లు మీ పక్కకు కాస్త వెనగ్గా, ముందు నుంచి కొలిస్తే 110 నుంచి 120 డిగ్రీల దగ్గర ఉండాలి. రెండూ టీవీ పక్కనే ముందు గోడకు బిగించి ఉన్నాయంటే స్పీకర్ల కన్నా ముందు వైరు కొనండి. సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంటే 7.1 (వెనక మరో రెండు స్పీకర్లు) జోలికి పోకండి, వెనక స్పీకర్లకు ఊపిరాడే చోటు లేదు.

అట్మాస్ (నెత్తిమీంచి కూడా శబ్దం వినిపించే ఫార్మాట్) కావాలంటే పైకప్పులో బిగించేవాటికీ, కింద పెట్టి పైకి శబ్దం కొట్టేవాటికీ పోలికే లేదు. పైకి కొట్టేవాటికి చదునైన, గట్టి పైకప్పు కావాలి. ఎత్తు సుమారు 2.3 నుంచి 3.7 మీటర్ల మధ్య ఉంటే బాగు. వాలు కప్పు, దూలాలు, శబ్దం పీల్చే పలకలు ఉంటే ఆ డబ్బు సబ్ మీద పెట్టండి. కప్పుకు రంధ్రం పెట్టే వీలుంటే నాలుగు స్పీకర్లు, మీ తల నుంచి ముందుకూ వెనక్కూ దాదాపు 45 డిగ్రీల ఎత్తులో. రెండే పెట్టగలిగితే నడినెత్తికి కాస్త ముందుగా.

తెచ్చాక

వైరు మందం గురించి లేనిపోని భయాలు పెట్టుకోవద్దు, అలాగని సన్న తీగలతోనూ సరిపెట్టుకోవద్దు. స్పీకర్ ఇంపెడెన్స్‌లో వైరు నిరోధం 5 శాతం దాటకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 10 మీటర్లు లాగితే, పోను రాను కలిపి, నిరోధం 0.23 ఓమ్‌లు, 8 ఓమ్‌ల స్పీకర్‌కు పుష్కలంగా చాలు. 4 ఓమ్‌లకు 2.5 చదరపు మిల్లీమీటర్లది తీసుకోండి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చూడటానికి ఒకేలా ఉంటుంది, నిరోధం మాత్రం ఒకటిన్నర రెట్లు. కత్తితో గీకితే లోపల తెల్లగా కనబడుతుంది.

ఒక్క స్పీకర్ మార్చినా రిసీవర్ ఆటో క్యాలిబ్రేషన్‌ను (మైకుతో విని స్పీకర్లను సరిచేసే ఏర్పాటు) మళ్లీ మొదటినుంచి నడపాలి. ఆడిసీ, డిరాక్, వైపీఏఓ ఏదైనా సరే, పాత స్పీకర్ కోసం లెక్కించిన దిద్దుబాటు కొత్త దాని మీద పడితే అది ఎంత మంచిదైనా వంకరగానే పలుకుతుంది. మైకును చేత్తో పట్టుకోవద్దు, సోఫా వీపు మీద పెట్టొద్దు; కెమెరా స్టాండ్‌కు బిగించి చెవి ఎత్తులో ఉంచండి. ఫ్యాన్, ఏసీ ఆపండి. అయిపోయాక సెటప్‌లోకి వెళ్లి రిసీవర్ ఏం రాసుకుందో చదవండి: టవర్లను చూసి "లార్జ్" అని, సెంటర్‌కు 40 హెర్ట్జ్ క్రాసోవర్ అని తనంతట తానే పెట్టేసుకునే అలవాటు దానికి ఉంది. వాటిని చేత్తో "స్మాల్", 80కి మార్చండి. క్రాసోవర్‌ను పైకి జరపడంలో ప్రమాదం లేదు, అది పెట్టిన దానికన్నా కిందికి దించితే దిద్దుబాటు అందని ప్రాంతంలోకి వెళ్తారు.

అప్పుడు మొదట పరీక్షించిన సీన్‌నే, అదే వాల్యూమ్ అంకె దగ్గర కాకుండా అంతే గట్టిగా వినిపించేలా సరిచేసి వినండి. కొత్త స్పీకర్ సెన్సిటివిటీ రెండు డెసిబెల్ ఎక్కువైతే అదే అంకె దగ్గర అది గట్టిగా పలుకుతుంది, గట్టిగా పలికింది ఎప్పుడూ మంచిగానే తోస్తుంది. ఫోన్‌లోని సౌండ్ మీటర్ యాప్ ఈ పోలికకు చాలు. వాపసు గడువు ముగిసేదాకా పాత స్పీకర్లను అమ్మకండి, అట్టపెట్టెలను చింపకండి.